సున్నా గీత

చీరల షోరూం పై అంతస్తులో పెళ్లివాళ్లు వరసగా నిలబడి ఫోటోలు దిగే చోట ఆ రోజు గోనెపట్టాలు కప్పి ఉన్నాయి. వాటి వెనక ఆరడుగుల గాజుతొట్టి. నారింజ రంగు మీద తెల్లచారలున్న చేపలు రెండు, పక్కకు ఒరిగి తేలుతున్నాయి. వాటికి ఇల్లుగా ఉండే జీవి, నిన్నమొన్నటి దాకా పువ్వులా విచ్చుకుని ఊగుతుండేది, ముద్దయిపోయి రాతికి అతుక్కుని కుళ్లింది. పట్టుచీరల మడతల్లోకి కూడా వాసన పాకింది.

దేవరాజు పట్టా ఒక కొస ఎత్తి తొట్టి ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. మార్కాపురంలో రంగుచేపల దుకాణాలు రెండు మూడున్నా, సముద్రపు చేపల్ని బతికించి చూపించింది అతనొక్కడే. సముద్రం చూడాలంటే ఒంగోలు దాటి పోవాల్సిన ఊళ్లో ఈ తొట్టి అతని పరువు. చొక్కా జేబులోంచి చిన్న దుర్భిణి లాంటి గొట్టం తీశాడు. దాని పేరు రిఫ్రాక్టోమీటరు. ఆ పేరు పలికే ఓపిక ఎవరికీ లేక షోరూంలో అందరూ గొట్టం అనే అంటారు. దాని కొసన ఏటవాలుగా ఒక గాజుపలక ఉంటుంది. పలక మీద తొట్టిలోని నీటిచుక్క వేసి, పైమూత నొక్కి, గాలిబుడగ లేకుండా చూసుకుని, కాసేపు ఆగి, వెలుతురుకేసి పెట్టి కన్ను ఆనించాడు. లోపల పైన నీలం, కింద తెలుపు. రెండూ కలిసే గీత ఏ అంకె మీద నిలిస్తే నీళ్లలో ఉప్పు అంత. సముద్రానికి ముప్పై ఐదు.

గీత సరిగ్గా ముప్పై ఐదు మీద ఉంది.

దేవరాజు ఇంకోసారి చూశాడు. అక్కడే. లెక్క తప్పి చేపలు చస్తే తప్పెక్కడుందో వెతుక్కోవచ్చు. లెక్క సరిపోయి చస్తే ఎక్కడని వెతుకుతాడు?

"ఏంది దేవరాజూ, ఉప్పు ఎట్లుంది?" అన్నాడు పుల్లారావు వెనక నిలబడి. షోరూం ఆయనది. తొట్టి మీద మోజు కూడా ఆయనదే. చీరల బేరానికి మద్రాసు పోయినప్పుడు ఎక్కడో చూసి, మన ఊళ్లోనూ ఉండాల్సిందేనని పట్టుబట్టి పెట్టించాడు.

"కరెక్టుగా ఉంది శెట్టిగారూ."

"ఉప్పు కరెక్టు. గాలి కరెక్టు. లైటు కరెక్టు. మరి చేపలు మనసు బాగలేక సచ్చినాయా?"

కౌంటర్లలో పనిచేసే పిల్లలు నవ్వారు. శెట్టిగారు ఎంత నవ్వమంటే అంతే నవ్వి ఆగారు. క్యాషియరు నరసింహులు మాత్రం నవ్వకుండా గొంతు సవరించుకున్నాడు.

"తప్పుగా అనుకోకపోతే ఒక మాట శెట్టిగారూ. నీళ్ల క్యాన్లు కిందనే దించి పోతారు. లిఫ్టు చెడిపోయి ఎన్నాళ్లాయె. గురవమ్మకు చూస్తే మోకాళ్ల నొప్పులు. ఇన్ని మెట్లెక్కి మోసిందంటారా? పక్కనే బాత్రూం కొళాయి ఉండె."

అందరి తలలూ చీపురు పట్టుకుని స్తంభం పక్కన నిలబడిన గురవమ్మ వైపు తిరిగాయి. పై అంతస్తు ఊడ్చే పని ఆమెది, తొట్టిలో నీళ్లు పోసే పనీ ఆమెదే. నీళ్లు ఆవిరవుతాయి, ఉప్పు ఆవిరవదు. అందుకని తగ్గిన మేరకు ఉప్పు లేని నీళ్లు పోస్తుండాలి. దేవరాజు ఆ సంగతి ఆమెకు చెప్పిన రోజే ఆమె తన బొట్టుబిళ్ల ఒకటి తీసి గాజుకు అంటించింది. నీళ్లు బొట్టు కిందికి దిగితే చాలు, క్యాన్‌ నీళ్లు చెంబుతో పోసేది. క్యాన్ నీళ్లు పుల్లారావు ప్లాంటువే. కంభం రోడ్డులో ఆయనకు నీళ్ల ప్లాంటు ఉంది. ఊళ్లో సగం ఇళ్లు అవే తాగుతాయి.

"బిందెకు పోసుకోని మోసినా నర్సింహులూ. మెట్టు మెట్టుకూ కూసుంటా మోసినా. క్యాన్ నీళ్లే పోసినా శెట్టిగారూ, ఆ కొళాయి నీళ్లు నేను ముట్టుకోలే" అంది గురవమ్మ.

పుల్లారావు ఆమె వైపు చూడలేదు. "దేవరాజూ, తెలిసినోడివి, నువ్వు చెప్పు. ఏంటికి సచ్చినాయి?"

దేవరాజు గొట్టాన్ని గుడ్డతో తుడిచాడు. తుడిచిందే మళ్లీ తుడిచాడు. పది మంది చూస్తున్నారు. నాకు తెలియదు అని చెప్పడానికి ఒక్క క్షణం పడుతుంది, ఆ క్షణం అతనికి దొరకలేదు.

"కొళాయి నీళ్లు పోస్తే మాత్రం ఇట్లనే జరుగుద్ది శెట్టిగారూ" అన్నాడు.

అబద్ధం కాదు. కొళాయిలో వచ్చేది బోరు నీళ్లు, అవి పోస్తే నిజంగానే జరుగుతుంది. అయితే శెట్టిగారు అడిగిన ప్రశ్న అది కాదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నవాడైనా కొంత నయం, తన భుజమే తడుముకుంటాడు. దేవరాజు పక్కవాళ్ల భుజం చూపించాడు. నోరు మూసుకునే లోపే ఆ సంగతి అతనికి తెలిసింది, సిగ్గు కూడా వేసింది. కాని మాట అప్పటికే పుల్లారావు చెవిలో పడింది.

"చాలు" అన్నాడు పుల్లారావు. "రేపట్నించి రావాకు గురవమ్మా. నీళ్లు మోయలేనని చెప్తే పోయేది గదా. మోసినానని అబద్ధం చెప్పేదేంటికి?"

గురవమ్మ చుట్టూ చూసింది. ఎవరి ముఖమూ తన వైపు లేదు. చీపురు స్తంభానికి ఆనించింది. తొట్టి పక్కనున్న చెంబును బోర్లించి పెట్టి, మోకాలు పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగి వెళ్లిపోయింది. చీరల కౌంటరులో ఉండే జయలక్ష్మి ఒక్కతే మెట్ల దాకా వెళ్లి చూసి వచ్చింది.

ఆ మధ్యాహ్నం దేవరాజు దుకాణంలో బేరం లేదు. బయట ఎండ పలకల రాళ్లు పగిలేలా కాస్తోంది. ఫ్యాను కింద కూర్చుని మద్రాసులో తనకు చేపలూ ఉప్పూ పంపే పెద్దాయనకు ఫోను చేశాడు. జరిగింది చెప్పాడు. గురవమ్మ సంగతి చెప్పలేదు.

"గొట్టం సున్నా ఎప్పుడు పెట్టావు?" అన్నాడు పెద్దాయన.

కొత్తగా కొన్నప్పుడు ఉప్పు లేని నీటిచుక్క వేసి, పైనున్న చిన్న మరను తిప్పి, గీతను సున్నా మీదికి తెచ్చుకోవాలి. తర్వాత కూడా అప్పుడప్పుడూ సరిచూసుకోవాలి. పనిమంతుడెవడూ మానడు.

"ప్రతి నెలా పెడతాన్నా, అన్నా. ఆర్వో నీళ్లతోనే."

"ఏ ఆర్వో?"

"క్యాన్ నీళ్లు. మా ఊళ్లో ఆర్వో అంటే అదే గదా."

"క్యాన్‌లో ఉన్నంత మాత్రాన సున్నా అయిపోతుందా బాబూ?" అన్నాడు పెద్దాయన. "సరిగ్గా ముప్పై ఐదుకు తూచి చేసిన నీళ్లు బుడ్డిలో పంపిస్తాను. దాంతో చూసుకో. సున్నా దగ్గర తప్పితే పైనంతా తప్పే."

దేవరాజుకు కాస్త కోపం వచ్చింది. మార్కాపురంలో పుట్టినవాడికి నీళ్లు రెండే రకాలు. బోరువి ఉప్పునీళ్లు, క్యాన్‌వి మంచినీళ్లు. సాగర్ నీళ్లు ఎప్పుడొస్తాయో తెలియదు గనక వాటిని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. పుల్లారావు ప్లాంటు క్యాన్ మంచులా చల్లగా వస్తుంది. ఎండలో పడి వచ్చినవాడు ఒక గ్లాసు ఎత్తి తాగితే ప్రాణం లేచొస్తుంది. అందులో ఉప్పుందని అనుమానించే నాలుక ఈ ఊళ్లో ఇంకా పుట్టలేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు గొట్టాన్ని అనడం ఎందుకులే అనుకున్నాడు. అయినా బుడ్డి పంపమన్నాడు.

కొరియరు వచ్చేసరికి మూడో రోజయింది. దేవరాజు పొద్దున్నే ఇంటి వరండాలో, ఎండ పడకముందే, బుడ్డినీ గొట్టాన్నీ పక్కపక్కన పెట్టి రెంటికీ ఒకే చల్లదనం రానిచ్చాడు. ఆ పని అయ్యేదాకా కాఫీ కూడా ముట్టలేదు. భార్య నాగమల్లేశ్వరి గ్లాసు పట్టుకుని గడపలో నిలబడింది.

బుడ్డిలోంచి ఒక చుక్క. మూత. కన్ను.

ముప్పై మూడు.

మెత్తటి గుడ్డతో తుడిచి మళ్లీ వేశాడు. ముప్పై మూడే. అంటే ముప్పై ఐదు నీళ్లను గొట్టం ముప్పై మూడని చూపుతోంది. ఆ రెండు అంకెలూ తక్కువైనాయనుకుని తను ప్రతిసారీ తొట్టిలో ఉప్పు కలుపుతూ పోయాడు. చిన్న స్క్రూడ్రైవరుతో మరను వెంట్రుకవాసి తిప్పి గీతను ముప్పై ఐదు మీదికి తెచ్చాడు. పని చేసేటప్పుడు అతని చెయ్యి ఎప్పుడూ వణకదు, మాట్లాడేటప్పుడే ఇబ్బంది.

"ఇన్వర్టరుకు పోసే బ్యాటరీ నీళ్లుంటే తే" అన్నాడు.

ఉప్పన్నదే ఉండని బ్యాటరీ నీళ్ల చుక్క వేస్తే గీత బుద్ధిగా సున్నా మీద నిలబడింది. అప్పుడు వంటింట్లో క్యాన్ నుంచి ఒక చుక్క తెచ్చి వేశాడు. గీత రెండు మీదికి ఎక్కింది. లేచి పెరట్లోకి వెళ్లి బోరు కొళాయి కింద వేలు తడిపి వచ్చాడు. అదీ రెండే. ఒకదాని తర్వాత ఒకటి మళ్లీ చూశాడు. చల్లదనం తప్పితే రెండు నీళ్లకూ తేడా లేదు.

నాగమల్లేశ్వరి కూడా కన్ను పెట్టి చూసింది. ఆమెకు గీతలు అర్థమయ్యాయో లేదో గాని మొగుడి ముఖం అర్థమైంది.

"చేపలు సచ్చింది ఈ నీళ్లకా?"

"ఈ నీళ్లు పోసీ, ఈ నీళ్లే సున్నా అనుకునీ. రెండు రకాలుగానూ ఈ నీళ్లే."

"మరి మనం తాగేది?"

దేవరాజు గొట్టం తుడిచి జేబులో పెట్టుకున్నాడు. ప్లాంటులో నీళ్లు వడగట్టడం మానేసి చల్లబరచడం ఒక్కటే చేస్తున్నారని చెప్పడానికి గొట్టం అక్కర్లేదు. గురవమ్మ బిందెకు పోసుకుని మెట్టు మెట్టుకూ కూర్చుంటూ మోసింది నిజం. ఆ మోసిన నీళ్లే కొళాయి నీళ్లు. ఆమె, పాపం, పక్కనే ఉన్న కొళాయి తిప్పుకున్నా జరగాల్సింది ఇదే. కాఫీ చల్లారిపోయింది.

పుల్లారావును పట్టుకోవాలంటే షోరూం తెరవకముందే పట్టుకోవాలి. దేవరాజు వెళ్లేసరికి ఆయన దేవుడి పటాలకు అగరొత్తులు వెలిగించి, గల్లా ముందు ఒక్కడే కూర్చుని ఉన్నాడు. దేవరాజు చెప్పిందంతా విన్నాడు. కోప్పడతాడేమో, కొట్టిపారేస్తాడేమో అని వచ్చినవాడికి ఆ రెండూ ఎదురు కాలేదు.

"వేసవికి ముందే మిషనులో ఉప్పు వడగట్టే పొర పోయింది" అన్నాడు తాపీగా. "కొత్తది రావాల. ఆర్డరు పెట్టినా. అందాక జనానికి నీళ్లాపితే తిడతారు. ఏం చేయమంటావు?"

"గురవమ్మత్త క్యాన్ నీళ్లే పోసింది శెట్టిగారూ."

"పోసింటాది."

"మరి..."

"చేపలకు వేరేగా చిన్న ఫిల్టరు మిషను పెట్టిస్తా. వచ్చే వారం కొత్త చేపలు తెప్పించు. ఈసారి పెద్దవి తెప్పించు." పుల్లారావు ముందుకు వంగి గొంతు తగ్గించాడు. మంచి మాట చెప్పేటప్పుడు ఆయన గొంతు తగ్గుతుంది. "ఆమె సంగతి వదిలెయ్. ఆమె మళ్లీ వస్తే ఏంటికొచ్చిందని నలుగురూ అడుగుతారు. ఏంటికి పోయిందో అందరికీ తెలుసు గదా, ఏంటికొచ్చిందో గూడా తెలియాలంటారు. వేరే ఇంట్లో పనికి నేనే చెప్పి పెట్టిస్తాలే. నీకు ఇంకా పదిచోట్ల తొట్లు పెట్టాలని ఉందా లేదా?"

దేవరాజు తల ఊపాడు. అది అవునా కాదా అని ఆయనా అడగలేదు, ఇతనూ చెప్పలేదు. మింగలేక కక్కలేక మెట్లు దిగాడు. కనీసం గురవమ్మకైనా చెప్పేస్తే సగం బరువు దిగిపోతుందనుకున్నాడు. మనిషి తన బరువు తను దించుకోవడానికి వెతుక్కునే దారులకు అంతు లేదు.

గురవమ్మది అర్ధవీడు పక్క పల్లె. మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీల వెనక ఒక రేకుల ఇంట్లో, కూతురు, మనవరాలితో ఉంటోంది. దేవరాజు పోయేసరికి గడప ముందు కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. అతన్ని చూసి లేవబోయి, మోకాలు సహకరించక, అక్కడి నుంచే కూతుర్ని కేకేసింది.

"ఒసే, దేవరాజన్న వచ్చినాడు. మంచం వాల్చు. నీళ్లియ్. ఆ బిందెలోవి గాదు, క్యాన్‌లోవి."

ఇంట్లోవాళ్లు బిందెలో బోరునీళ్లే తాగుతారు. క్యాన్ చుట్టాలకూ, పళ్లకు గార పట్టకుండా మనవరాలికీ. స్టూలు మీద ఉతికిన గుడ్డ కప్పి, గ్లాసు బోర్లించి పెట్టారు. కూతురు గ్లాసు కడిగి, నిండా పోసి, రెండు చేతులతో ఇచ్చింది. గ్లాసు బయట చెమట పట్టింది.

దేవరాజు దాన్ని పట్టుకుని కూర్చున్నాడు. తాగలేదు, కింద పెట్టలేదు. తల వంచుకునే చెప్పాడు. గొట్టం తప్పని చెప్పాడు. ఆ నీళ్లతో సున్నా పెట్టింది తనేనని, క్యాన్‌లోవీ బోరువీ ఒకటేనని, ఆమె తప్పు లేదని చెప్పాడు. శెట్టిగారు ఏమన్నాడో అదీ చెప్పాడు. దాచడానికి ఇంకేం మిగల్లేదు.

గురవమ్మ చింతగింజ ఒకటి పక్కకు విసిరింది.

"ఈ మాట నాకెందుకు చెప్తాన్నావు నాయనా? నేను పోసిన నీళ్లు నాకు తెలవదా?"

దేవరాజు తల ఎత్తాడు.

"నన్ను అబద్ధాలకోరు అన్నది మా ఇంట్లో గాదు. ఆడ, ఆడపిల్లలందరి ముందర అన్నాడు. నువ్వూ ఆడనే అన్నావు." ఆమె గొంతులో తిట్టు లేదు. చేట పక్కన పెట్టి, తలుపు పట్టుకుని లేచింది. "ఆ పని నాకు వద్దు, ఏం వద్దు. ఇంటింటికీ తిరిగి నేను మోసినా, మోసినా అని చెప్పుకోలేను గదా. నువ్వు చెప్పు. యాడ అన్నావో ఆడ చెప్పు. పద."

కూతురు వైపు తిరిగి, "ఆ గ్లాసు నీళ్లు పారబొయ్యి. బిడ్డకు ఇయ్యాకు" అంది.

షోరూంలో అప్పుడప్పుడే బేరం మొదలవుతోంది. లిఫ్టు ఇంకా బాగు కాలేదు. గురవమ్మ ఒక్కొక్క మెట్టుకూ ఆగింది, దేవరాజు కూడా ఆగాడు. పై అంతస్తులో జయలక్ష్మి దొనకొండ నుంచి వచ్చిన పెళ్లివాళ్లకు చీరలు విప్పి చూపిస్తోంది. వీళ్లను చూసి మడత చేతిలోనే ఉంచుకుని లేచింది.

దేవరాజు మాట్లాడటం చేతకాని మనిషి. అందుకని పని మొదలుపెట్టాడు. చీరల కౌంటరు మీద తెల్లగుడ్డ పరిచి గొట్టం పెట్టాడు. ముందు బ్యాటరీ నీళ్లు ఒక చుక్క వేసి జయలక్ష్మికి అందించాడు.

"గీత యాడుందో చెప్పమ్మా."

"అడుగున. సున్నా మీద."

తుడిచి, బాత్రూం కొళాయి నీళ్లు వేశాడు.

"పైకొచ్చింది. రెండు."

తుడిచి, ఒక అమ్మాయి కిందికి పోయి క్యాన్‌లో ముంచుకొచ్చిన చెంబులోంచి ఒక చుక్క వేశాడు. జయలక్ష్మి చూసి పక్కనున్న అమ్మాయికి ఇచ్చింది. ఆ అమ్మాయి చూసి ఇంకో అమ్మాయికి ఇచ్చింది. చీరలు కొనడానికి వచ్చిన పెళ్లికూతురు మేనత్త కూడా, ఏందో చూద్దామని, అడిగి తీసుకుని చూసింది. "రెండే గదమ్మా ఇది గూడా" అని అందరికీ వినబడేలా అంది. నరసింహులు గల్లా దగ్గర నుంచి లేచి వచ్చి, చూడకుండానే వెనక్కి పోయాడు.

"ఏంది జాతర?" అంటూ పుల్లారావు కింది నుంచి ఆయాసపడుతూ ఎక్కి వచ్చాడు. గొట్టాన్ని చూశాడు, చెంబును చూశాడు, గురవమ్మను చూశాడు.

"శెట్టిగారూ" అన్నాడు దేవరాజు. "ఆ రోజు మీరు అడిగిందానికి నేను సరిగ్గా చెప్పలే. గురవమ్మత్త క్యాన్ నీళ్లే పోసింది. మెట్లెక్కి మోసి పోసింది. తప్పు నాది. క్యాన్ నీళ్లలో ఉప్పుండదనుకోని దాంతోనే సున్నా పెట్టుకున్నా. చేపల్ని సంపింది నేను, ఆమె గాదు."

తప్పు తనదని చెప్పుకునేవాడిని ఏమని తిట్టాలో పుల్లారావుకు తోచలేదు. చుట్టూ చూశాడు. అమ్మాయిలందరూ ఆయన ముఖం వైపే చూస్తున్నారు. ఇన్నేళ్లలో ఆ షోరూంలో అలా ఎవరూ చూడలేదు. పెళ్లికూతురు మేనత్త ఒళ్లోని చీరను మెల్లగా పక్కకు పెట్టింది. ఆయన ఏదో అనబోయాడు. గొంతు తడారిపోయి దగ్గు వచ్చింది, ఆగలేదు.

నరసింహులు రోజూ ఏం చేస్తాడో అదే చేశాడు. దగ్గు వినగానే అలవాటుగా గల్లా కింది చిన్న ఫ్రిజ్ తెరిచి, సీలు వేసిన కంపెనీ నీళ్ల సీసా ఒకటి తీసి, శెట్టిగారి ముందు పెట్టాడు. పెట్టాక గాని తనేం చేశాడో అతనికి తెలియలేదు. చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

ఇంతకాలం ఆ సీసాను అందరూ చూస్తూనే ఉన్నారు. శెట్టిగారు గనక కొనుక్కుని తాగుతాడు అనుకున్నారు. జయలక్ష్మి సీసా వైపు చూసి, క్యాన్ నీళ్ల చెంబు వైపు చూసింది.

పుల్లారావు మూత మీద చెయ్యి వేసి, తిప్పకుండా అలాగే నిలబడ్డాడు.

"తాగండి శెట్టిగారూ" అంది గురవమ్మ. "గొంతెండుకపోతాంది. దాంట్లో ఉప్పుండదు."